ముఖచిత్రాలలో మూడు పోలికలు

మా మేనమామగారు బడిపంతులు. 1960లలోనూ 70లలోనూ ఆయన వ్రాసిన కథలు కొన్ని మాసపత్రికలలో అచ్చయ్యాయి. ఆయన పోయిన కొన్నేళ్ళకు పిల్లలందరూ కలిసి ఆ కథలను ఏరి ఒక పుస్తకంగా వేయాలని సంకల్పించారు. "నీకు బొమ్మలంటే ఇష్టం కదా, అట్ట సంగతి నువ్వే చూడు" అని ఆ భారం నామీద పెట్టారు. నేను చిత్రకారుణ్ణి కాను. పాత పత్రికల ముఖచిత్రాలను గంటల తరబడి చూస్తూ కూర్చునే అలవాటు ఉన్నవాణ్ణి, అంతే. అయినా ఒప్పుకొన్నాను.

ఆయన ట్రంకుపెట్టెలోని పాత సంచికలన్నీ ముందు వేసుకొని కూర్చుంటే, వాటిలో ఒకదాని ముఖచిత్రం నన్ను పట్టుకొని వదలలేదు. పైన పత్రిక పేరు. కింద ఎడమవైపు గడపలో దీపం పట్టుకొని నిలబడిన స్త్రీ. కుడివైపంతా చీకటి రంగులో ఖాళీ. ఆ ఖాళీలోకి ఆమె ఎవరికోసమో చూస్తూ ఉంటుంది. రెండు రాత్రులు కూర్చొని నేనూ ఒక అట్ట తయారుచేశాను. అదే గడప, అదే దీపం, అదే వైపు తిరిగిన ముఖం. చీర రంగు మాత్రం మార్చాను. అక్షరాలు కూడా ఆ కాలపు చేతివ్రాతను తలపించేలా దిద్దాను. చూసినవారందరూ "అచ్చం ఆనాటి పత్రికలాగానే ఉందే!" అన్నారు. ఆ మాటను ప్రశంసగానే తీసుకొని పొంగిపోయాను.

చివరకు అత్తయ్యకు చూపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూసి, "బాగుంది నాయనా. కానీ ఇందులో మీ మామయ్య ఎక్కడున్నారు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఒకరి కూర్పును చూసి ప్రేరణ పొందడం ఎక్కడ ఆగుతుంది, అనుకరణ ఎక్కడ మొదలవుతుంది అన్న ఆలోచన నాకు అప్పటినుంచి పట్టుకొంది. ఇటీవల పుస్తకాల అట్టలు, సావనీర్లు, శుభలేఖలు ఎవరికి వారే ఇంట్లో కంప్యూటరు మీద తయారుచేసుకొంటున్నారు కనుక ఈ ప్రశ్న నా ఒక్కడిదే కాదనుకొంటాను.

దీనికి నాకు దొరికిన మేలైన సమాధానం బొమ్మల శాస్త్రంలోనిది కాదు, అలంకారశాస్త్రంలోనిది. తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీరదేశంలో ఉన్న ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగవ ఉద్యోతంలో కావ్యాల మధ్య కనిపించే పోలికను గూర్చి చర్చించాడు. ఆ పోలికకు ఆయన పెట్టిన పేరు సంవాదం. అది మూడు విధాలు. మొదటిది అద్దంలోని ప్రతిబింబం వంటిది. దానికి తనదంటూ ఆత్మ లేదు. రెండవది మనిషిని చూసి గీసిన చిత్తరువు వంటిది, అంటే ఆలేఖ్యం. దానికి ఉన్న ఆత్మ అల్పం. మూడవది ఇద్దరు మనుషుల మధ్య ఉండే పోలిక వంటిది. దేహాలు ఒకదానినొకటి పోలి ఉన్నా ఎవరి ప్రాణం వారిదే. మొదటి రెండింటినీ విడిచిపెట్టమనీ, మూడవదానికి కవి సంకోచించనక్కరలేదనీ ఆయన తీర్పు. చంద్రుణ్ణి పోలినంత మాత్రాన అందమైన ముఖానికి వచ్చే లోటేమీ లేదు కదా అని ఆయన ఉపపత్తి.

ఆయన మాట్లాడింది కవిత్వం గూర్చి. కానీ ముఖచిత్రాలకు ఈ కొలబద్ద ఎంత చక్కగా సరిపోతుందో చూడండి.

నేను మొదట చేసిన అట్ట ప్రతిబింబం. దాన్ని గూర్చి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

ఆలేఖ్యానికి లోకప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉంది. 1976 మార్చి 29 నాటి న్యూయార్కర్ పత్రికకు సాల్ స్టైన్‌బెర్గ్ ఒక ముఖచిత్రం వేశాడు. న్యూయార్కు నగరంలోని తొమ్మిదవ అవెన్యూ నుంచి పడమటికి చూస్తే ప్రపంచం ఎలా కనిపిస్తుందో అందులో చూపించాడు. ముందు నాలుగు వీధులు, భవనాలు, కార్లు ఎంతో వివరంగా ఉంటాయి. ఆ తరువాత హడ్సన్ నది. నది అవతల అమెరికా దేశమంతా ఒక చిన్న చాపముక్కంత. దాని వెనుక పసిఫిక్ సముద్రం, ఆ పైన చైనా, జపాను, రష్యా మూడు గుట్టల్లాగా. తన వీధే ప్రపంచమనుకొనే నగరవాసి మీద విసురు అది. 1984లో కొలంబియా పిక్చర్స్ వారు 'మాస్కో ఆన్ ది హడ్సన్' అనే సినిమా పోస్టరును దాదాపు ఇదే పద్ధతిలో వేయించారు. చూపు పడమటికి బదులు తూర్పుకు తిరిగింది. అవతలి గట్టున లండను, పారిస్, రోము, చివరకు మాస్కో. ముందు వరుసలో సినిమాలోని పాత్రలు. మిగిలిన భవనాల తీరు, నది, ఆకాశపు రంగు, అక్షరాల వాలకం మాత్రం స్టైన్‌బెర్గ్‌వే.

ఆయన కోర్టుకు వెళ్ళాడు. 1987లో న్యూయార్కులోని ఫెడరల్ జిల్లా న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పులో నాకు ముఖ్యంగా తోచిన అంశం ఒకటుంది. న్యూయార్కువాసి సంకుచిత దృష్టిలో ప్రపంచపటం అన్న ఊహ ఎవరి సొత్తూ కాదని న్యాయమూర్తి ఒప్పుకొన్నాడు. తప్పు ఊహను తీసుకోవడంలో లేదు. ఆ ఊహను స్టైన్‌బెర్గ్ ఎలా రూపుకట్టించాడో ఆ రూపాన్నే తీసుకోవడంలో ఉంది. పోస్టరు వేసినవారు దిక్కు మార్చారు, ఊళ్ళు మార్చారు, మనుషులను చేర్చారు. అయినా అది చిత్తరువుగానే మిగిలింది. చీర రంగు మార్చిన నేను ఆ కథ చదివి తలవంచుకొన్నాను.

ఇక మూడవ పోలిక. 1968 ఏప్రిల్ ఎస్క్వైర్ పత్రిక ముఖచిత్రంపై ముహమ్మద్ అలీ నిలబడి ఉంటాడు. చేతులు వెనక్కు, తల ఒక పక్కకు వాలి, ఒంటినిండా బాణాలు. అట్ట కూర్పు జార్జ్ లోయిస్‌ది, ఛాయాచిత్రం కార్ల్ ఫిషర్‌ది. ఆ భంగిమను లోయిస్ తీసుకొన్నది పదిహేనవ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు బొత్తిచీని వేసిన సెయింట్ సెబాస్టియన్ చిత్రం నుంచి. విశ్వాసం కోసం బాణాలకు గురైన క్రైస్తవ సాధువు ఆయన. అలీ 1967లో వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనని నిరాకరించి, ప్రపంచ విజేత బిరుదును పోగొట్టుకొన్నవాడు. బాణాలు అవే, నిలువు అదే. కానీ ఆ దేహంలో ఉన్న ప్రాణం వేరు. పాత చిత్రం తెలిసినవాడికి అర్థం రెట్టింపవుతుంది. తెలియనివాడికి కూడా ఆ అట్ట పూర్తిగానే అందుతుంది. తుల్యదేహం అంటే ఇదే కదా! అందుకే ఆ రెండు చిత్రాలలో ఏదీ మరొకదానికి నీడగా అనిపించదు.

కూర్పును గూర్చి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా మరచిపోయే సంగతి ఒకటుంది. పత్రిక అట్టమీద ఉన్న ప్రతి అంశానికీ ఒక కారణం ఉంటుంది. పత్రిక పేరు నెత్తిమీదనే ఎందుకు ఉంటుంది? బస్‌స్టాండు పుస్తకాల దుకాణంలో పత్రికలను ఒకదానిమీద ఒకటి మెట్లుగా పేర్చుతారు. కిళ్ళీకొట్టులో తాడుకు క్లిప్పులతో వేలాడదీస్తారు. పైభాగమే కనిపిస్తుంది కనుక పేరు అక్కడే ఉండాలి. పేరు ఆకారం ఎందుకు మారదు? నెలనెలా బొమ్మ మారుతుంది కనుక, మారని ముఖం ఒకటి ఉంటేనే పాఠకుడు గుర్తుపడతాడు. కథల పుస్తకానికి ఈ రెండు అవసరాలూ లేవు. అది ఒక్కసారే పుడుతుంది. అలమరలో వెన్ను చూపిస్తూ నిలబడుతుంది. ఈనాడైతే ఫోను తెరమీద బొటనవేలి గోరంత బొమ్మగా మొదట కనిపిస్తుంది. కారణాన్ని వదిలి కూర్పును మాత్రమే తెచ్చుకొంటే, ఊళ్ళో వరద వస్తుందని ఎత్తుగా కట్టిన అరుగును చూసి, వానే పడని చోట అంత ఎత్తు అరుగు కట్టుకొన్నట్లుంటుంది.

కొన్ని అంశాలు కూర్పులో భాగంగా కనిపించినా నిజానికి అవి సంతకాలు. టైమ్ పత్రికకు 1927 నుంచి ఎర్రటి అంచు ఉంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత వెలువడిన ప్రత్యేక సంచికకు ఆ అంచును నలుపు చేశారంటే, ఆ రంగు మార్పే ఒక సంతాప ప్రకటన అయింది. అంతటి అర్థం ఆ అంచుకు ఏళ్ళ తరబడి వాడకం వల్ల వచ్చింది. మనం మన సావనీరుకు ఎర్రటి అంచు కట్టుకొంటే నేర్చుకొన్నది ఏమీ లేదు, మరొకరి సంతకం పెట్టుకోవడమే అవుతుంది. వాడుకోదగినదల్లా దాని వెనుక ఉన్న సూత్రం: ఎన్ని బొమ్మలు మారినా మారని చిహ్నం ఒకటి ఉండాలన్నది.

ఇంగ్లీషు పత్రికల కూర్పులను చూసి తెలుగు అట్టలు చేసేవారికి ఇంకొక చిక్కు ఉంది. వారి పెద్దబడి అక్షరాలన్నీ ఒకే ఎత్తు. వరుసగా నిలబెడితే ఇటుకల గోడలాగా పట్టీ తయారవుతుంది. మన అక్షరాలు అలా కాదు. గుడులూ ఏత్వాలూ పైకి పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి. 'చందమామ', 'రచన', 'యువ' వంటి పేర్లలో వత్తులు లేవు కనుక అవి గీత గీసినట్లు కూర్చుంటాయి. 'స్వాతి', 'ఆంధ్రపత్రిక' అనేసరికి గీత కింద కూడా చోటు కావాలి. ఆ చోటు వదలకపోతే వత్తు వచ్చి బొమ్మలోని మనిషి నెత్తిన కూర్చుంటుంది. ఇంగ్లీషు పత్రికలు అట్టమీది మనిషి తలను పేరుకు అడ్డంగా పెట్టి, ఒకటి రెండు అక్షరాలను దాచడం తరచు చూస్తాం. వారికి అది చెల్లుతుంది. మనకు దీర్ఘం దాగిందంటే 'కాలం' కాస్తా 'కలం' అయిపోతుంది! కనుక ఆ కూర్పును తెలుగులోకి తేవాలంటే మళ్ళీ మొదటినుంచి ఆలోచించక తప్పదు. ఒక విధంగా ఇది మనకు వరం. మన లిపే మనను అనుకరణ నుంచి కొంత కాపాడుతోంది.

మన చిత్రకారుల విషయంలో మాత్రం మనకు ఆ రక్షణ లేదు. వడ్డాది పాపయ్య గారి రంగులు, బాపు గారి గీత, ఆయన చేతివ్రాత తెలుగువారి కళ్ళలో ఎంతగా ఇంకిపోయాయంటే, చాలామందికి అవి ఇద్దరు మనుషుల సృష్టి అన్న స్పృహ కూడా పోయి, పండుగ తోరణంలాగా అందరి సొత్తుగా అనిపిస్తాయి. 'బాపు బొమ్మ' అన్నది భాషలో మాటే అయిపోయింది. శుభలేఖల మీద, అట్టల మీద ఆ జడను, ఆ కళ్ళను తీసుకొన్నవారు ఎందరో. ఆ గీతలోని పొదుపును నేర్చుకొన్నవారు తక్కువ. ఆయన వదిలిన ఖాళీ చోటును చూసినవారు ఇంకా తక్కువ. నేర్చుకోవలసినది అక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

"వారు పోయారు కదా, ఇప్పుడు ఎవరు అడుగుతారు?" అనేవారు ఉన్నారు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, చిత్రకారుడు తన జీవితకాలంలో ప్రకటించిన చిత్రానికి ఆయన మరణించిన మరుసటి సంవత్సరం మొదలు అరవై ఏళ్ళు హక్కు ఉంటుంది. పాపయ్య గారు 1992లో, బాపు గారు 2014లో కాలం చేశారు. లెక్క మీరే వేసుకోండి. ఇంకొందరు "ఇంత శాతం మారిస్తే చాలు, అది మనదే" అంటారు. అటువంటి శాతం ఏదీ చట్టంలో లేదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పినది వేరు. ఊహకు కాపీరైటు లేదు, ఊహను వ్యక్తం చేసిన తీరుకే ఉంది. రెండింటినీ చూసిన సామాన్యుడికి రెండవది మొదటిదానికి నకలన్న అభిప్రాయం నిస్సందేహంగా కలుగుతుందా అన్నదే పరీక్ష. కాశ్మీర పండితుడూ ఢిల్లీ న్యాయమూర్తులూ వెయ్యేళ్ళకు పైబడిన ఎడంతో దాదాపు ఒకే గీత గీశారనిపించి నాకు ఆశ్చర్యం కలిగింది.

ప్రతిభావంతుడికి ఈ నియమాలేమిటి అని కూడా వాదన ఉంది. ఆండీ వార్హోల్ కంటే ప్రతిభావంతుడెవరు? 1981లో లిన్ గోల్డ్‌స్మిత్ తీసిన గాయకుడు ప్రిన్స్ ఛాయాచిత్రాన్ని ఆధారంగా వాడుకోవడానికి 1984లో వానిటీ ఫెయిర్ పత్రిక ఆమెకు 400 డాలర్లు ఇచ్చింది, ఒక్కసారికే అన్న షరతుతో. వార్హోల్ ఆ ఒక్క బొమ్మతో ఆగక, అదే ఛాయాచిత్రం నుంచి మొత్తం పదహారు కృతులు చేశాడు. 2016లో ప్రిన్స్ మరణించినప్పుడు అందులో నారింజరంగు చిత్రం ఒక స్మారక సంచికకు ముఖచిత్రమయింది. వార్హోల్ పేరిట ఉన్న సంస్థకు 10,000 డాలర్లు ముట్టాయి. గోల్డ్‌స్మిత్‌కు డబ్బూ లేదు, పేరూ లేదు. 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురికి ఇద్దరి తేడాతో ఆమె పక్షం వహించింది. ఆమె ఛాయాచిత్రమూ, ఆ ముఖచిత్రమూ ఒకే పనికి, అంటే ప్రిన్స్‌ను గూర్చిన పత్రికలో ఆయన బొమ్మగా వాడబడినప్పుడు, కొత్త శైలి ఒక్కటే సమర్థన కాదన్నది ఆ తీర్పు సారాంశం. దీనిపై విజ్ఞుల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. తీర్పులోనే ఇద్దరు గట్టిగా వ్యతిరేకించారు, ఇలాగైతే కళ ఎండిపోతుందని. వారి భయంలో నిజం లేకపోలేదు. పూర్వుల భుజాల మీద కాలు పెట్టకుండా ఎవరూ పైకి ఎక్కలేరు. నేను అడిగేది ఒక్కటే. ఎక్కినవాడు ఆ భుజం ఎవరిదో చెప్పకూడదా?

ఆ అట్టను నేను మళ్ళీ చేశాను. ఎలా చేశానో చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడవచ్చు. ఆ పాత ముఖచిత్రం ఒక్కదానినే కాక మరో పదింటిని ఎంచుకొన్నాను. ఒక్కదానిని చూస్తే నకలు పుడుతుంది, పదింటిని చూస్తే వాటి మధ్య ఉన్న సూత్రం కనిపిస్తుంది. ప్రతిదానిమీదా పలుచని కాగితం పరచి, బొమ్మలూ అక్షరాలూ వదిలి, బరువున్న చోట్లను మాత్రం పెన్సిలుతో ముద్దలుగా గుర్తించాను. ఒక్కొక్క ముద్ద పక్కన అది చేసే పని ఏమిటో ఒక వాక్యంలో వ్రాసుకొన్నాను. ఆ దీపం స్త్రీ ఉన్న కాగితం మీద నేను వ్రాసుకొన్నది ఇది: "బరువు ఎడమవైపు కింద. కుడివైపు ఖాళీ, అది ఎదురుచూపు." తరువాత ఆ సంచికలన్నింటినీ ట్రంకుపెట్టెలో పెట్టి మూత వేసి, పది రోజులు తీయలేదు.

ఆ పది రోజులూ మామయ్య కథలు చదివాను. నిజానికి మొదట చేయవలసిన పని అదే. అత్తయ్యతో మాట్లాడాను. ఆయన బల్లమీద ఎప్పుడూ వ్రాయలేదట. బడినుంచి వచ్చి, అరుగుమీద కూర్చొని, పిల్లలు పరీక్షలకు పట్టుకెళ్ళే అట్టను ఒళ్ళో పెట్టుకొని వ్రాసేవారట. ఆ అట్టకున్న ఇనుప క్లిప్పు తుప్పుపట్టి కాగితాలపై మరక పడేదట. ఇంట్లో మిగిలిన చేతిప్రతులను తీసి చూస్తే, నిజంగానే ప్రతి కాగితం నెత్తినా ఒక గోధుమరంగు మరక.

ఇప్పుడు పుస్తకం అట్టమీద ఎడమవైపు కింద ఆ పరీక్ష అట్ట ఉంది. క్లిప్పు కింద ఒక తెల్లకాగితం, దాని నెత్తిన మరక. కుడివైపంతా ఖాళీ. పుస్తకం పేరులో రెండు వత్తులు ఉండడంతో పాత పత్రికలో లాగా పేరును పైఅంచుకు అతికించడం కుదరక, కొంచెం కిందికి దించి ఊపిరాడేంత చోటు ఇచ్చాను. లోపలి పుటలో, ఈ అట్ట కూర్పుకు ప్రేరణ ఫలానా సంచిక ముఖచిత్రమని ఒక వాక్యం వేయించాను. ఆ పాత ముఖచిత్రం పక్కన దీన్ని పెడితే ఇద్దరు అన్నదమ్ములన్న పోలిక తెలుస్తుంది, అంతే.

అచ్చయిన మొదటి ప్రతిని అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ ఈసారి ఏమీ అడగలేదు. అట్టమీది ఆ మరకను వ్రేలితో ఒకసారి తుడిచి చూసింది, నిజంగానే అంటిందేమోనని.